కోళ్ల మూకుడు

ఇంద్రజా,

ఆశీస్సులు తర్వాత, ముందు తిట్లు చదువు. ఫోన్ చేస్తే నవ్వేసి నా కోపం దించేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

తిండికి ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నానన్నావని సంబరపడి, పొద్దున్నే లేచి గోంగూర మాంసం వండాను. నువ్వేం చేశావు? వాకిట్లో కోళ్లు నీళ్లు తాగే మట్టి మూకుడు కడిగి, కూర అందులో పోశావు. "పల్లెటూరి లుక్కు రావాలత్తా" అన్నావు. ఏదో చదువుకున్న పిల్లవి, నీకే తెలుసులే అని ఊరుకున్నాను.

నిన్న నువ్వు ఫోన్లో అందరికీ పెట్టిన ఆ ఫోటో చూసి వెల్దుర్తి నుంచి మా ఆడపడుచు నాగేంద్రమ్మ ఫోన్ చేసింది. "ఏంది వదినా, మీ ఇంట్లో కంచాలు కరువైనయ్యా? అది కోళ్ల మూకుడే గదా!" అని ఒకటే నవ్వు.

మా ఇంట్లో కంచాలు లేవా? మీ మామయ్య దాచేపల్లి క్వారీలో రాళ్లు కొట్టి, తొలి కూలితో కొని, అంచు మీద నా పేరు చెక్కించిన స్టీలు కంచం నీ ముందే పెట్టాను. "వద్దత్తా, మెరుస్తుంది. నా మొహం కూడా అందులో పడుతుంది" అని పక్కకు నెట్టావు. ముక్కలు మెరవాలని కూర మీద నూనె పూసినదానివి, నా కంచం మెరిస్తే తప్పయిందా?

ఆదివారం రా. మళ్లీ వండుతాను. ఆ కంచంలోనే ఫోటో తీయాలి. అంచు మీద నా పేరు కనపడాలి. నీ మొహం పడితే పడనీ. మా ఇంట్లో తిని పెరిగినదానివి, దాక్కోవడం దేనికి?

మీ అత్త