మార్కర్‌తో రాయని ట్యూబ్

4, బుధవారం

బావకి స్టెంట్ వేశారు. షాపులో మోటారు బాగుచేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. నేను పనిచేసే ఆస్పత్రికే తెచ్చారు. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, నేనేదో పెద్ద డాక్టర్నైనట్టు. ల్యాబ్‌లో రక్తాలు పరీక్ష చేసేవాణ్ణి తల్లీ, అన్నాను. ఏదో ఒకటి, లోపలివాడివి కదరా అంది.

6, శుక్రవారం

సీఆర్‌పీ 138. ఒంట్లో వాపు ఎంత రగులుతోందో చెప్పే అంకె. గుండెపోటు వచ్చాక రెండు మూడు రోజులు పెరుగుతుంది, తర్వాత తగ్గాలి. తగ్గనివాళ్ళకి ముందుముందు ముప్పు ఎక్కువని గుండె డాక్టర్ అక్కకి చెప్పాడు. నాకు తెలీనిదా! రోజూ నలభై రిపోర్టులు కొడతాను. ఇన్నేళ్ళలో ఒక్క అంకెకీ నాకు చెమటలు పట్టలేదు.

మా మిషన్ 80 దాటితే చేతులెత్తేస్తుంది. శాంపిల్‌ని పదింతలు పలచన చేసి మళ్ళీ పెట్టాలి. వచ్చినదాన్ని పదితో హెచ్చించాలి. మర్చిపోకుండా ట్యూబ్ మీద మార్కర్‌తో ×10 అని రాసుకుంటాం. బావ ట్యూబ్ మీద రాయలేదు. బావది కదా, మర్చిపోతానా?

సొంతవాళ్ళవి మనం చెయ్యకూడదు, ఇంకొకరికివ్వమని ఇన్‌చార్జి మేడమ్ సణిగింది. చేతులు జోడించాను. సరే ఏడువు, అంది.

8, ఆదివారం

126. ఇదీ ఒక తగ్గడమేనా? డాక్టర్ పెదవి విరిచాడు. గుండెలో గాయం సరిగ్గా మానట్లేదేమో, ఇంటికి పంపను, మంచం దిగనివ్వద్దన్నాడు.

బావ మాత్రం నా చేతిలో సిరంజి చూసి, నా రక్తం తాగడానికి మీ అక్క ఒక్కతి చాలదా, నువ్వు కూడా తయారయ్యావా అన్నాడు. పక్క మంచం ముసలాయన పడీపడీ నవ్వాడు. అక్క మూతి తిప్పుకుంది. కారిడార్లోకి వచ్చాక ఏడ్చింది.

9, సోమవారం

షాపు తాళాలు ఎవరి దగ్గరున్నాయని బావ పదిసార్లు అడిగాడు.

11, బుధవారం, మధ్యాహ్నం

11.4!

పొద్దున బావ శాంపిల్ మిషన్‌లో పెట్టానో లేదో ఎమర్జెన్సీ నుంచి పిలుపు. యాక్సిడెంట్ కేసు, వెంటనే బ్లడ్ గ్రూపు కావాలట. పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద 11.4. మూడు రోజుల్లో ఎంత తేడా! సంతకం కొట్టి, లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా నాలుగంతస్తులూ ఎక్కేశాను.

డాక్టర్ రిపోర్ట్ రెండుసార్లు చదివి నా భుజం తట్టాడు. సాయంత్రమే ఇంటికెళ్ళొచ్చన్నాడు. బావ ఆ కాగితం అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్క నవ్వగా చూసి ఎన్నాళ్ళైందో.

13, శుక్రవారం

అక్క ఫోన్. బావ అప్పుడే షాపుకెళ్ళాడట. వద్దంటే రిపోర్ట్ తీసి మొహాన పెడుతున్నాడట. నీ తమ్ముడే సంతకం పెట్టాడు, వాడికంటే నీకెక్కువ తెలుసా అంటున్నాడట. కాస్త గడ్డి పెట్టమంది. నేను నవ్వాను. పోనీలే అక్కా, కూర్చుని చేసుకుంటాడులే అన్నాను.

14, శనివారం, సాయంత్రం

పలచన చేసిన ప్రతి శాంపిల్‌నీ ఒక రిజిస్టర్‌లో రాస్తాం. మిగిలిపోయిన సంతకాలు పెడుతుంటే 11వ తేదీ దగ్గర నా చేతిరాత కనబడింది. పొద్దున ఏడున్నర. బావ నంబరు. పదింతలు.

ఎలాగూ 80 దాటుతుందని నేనే ముందుగా పలచన చేసి పెట్టాను. తిరిగొచ్చాక పదితో హెచ్చించలేదు. ట్యూబ్ మీద రాసుకోలేదు కదా.

11.4 కాదు. 114.

వాడిన ట్యూబుల్ని ఏడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుతాం. బావది తీసి, మళ్ళీ పలచన చేసి, మళ్ళీ పెట్టాను. 115.

డాక్టర్ నంబరు తీసి, ఫోన్ పక్కన పెట్టేశాను. ఉద్యోగం పోతుంది. రేపు ఆదివారం, బావ షాపు తియ్యడు. సోమవారం పొద్దున్నే ఎదురుగా చెప్తాను. బావని కదలనివ్వొద్దని అక్కకి మాత్రం ఫోన్ చేశాను. ఎందుకురా అంది. ఊరికే అన్నాను. నా అంత పిరికి వెధవ ఇంకొకడుండడు.

15, ఆదివారం

షాపు షట్టర్ సగమే లేచి ఉందట. బావ దాని కింద పడి ఉన్నాడట.

17, మంగళవారం

గుండె గోడ చిట్లి ఉంటుందన్నాడు డాక్టర్. అంకె అంత బాగుండి కూడా ఇలా ఎందుకైందో అంతుపట్టడం లేదట. నీకేమైనా తడుతోందా అని నన్నే అడిగాడు. తల అడ్డంగా ఊపాను.

పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ అక్క ఆ రిపోర్ట్ చూపిస్తోంది. చొక్కా జేబులో దొరికిందట. అంతా తగ్గిపోయిందండీ, మా తమ్ముడే దగ్గరుండి చూశాడు, నా రాత ఇలా ఉంది అంటోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావురా అంది.

18, బుధవారం

ఏడు రోజులు నిండాయి. పాత ట్యూబులు పారేసే వంతు ఇవాళ నాది. ఒకటి తప్ప అన్నీ పారేశాను.

దాని మీద మార్కర్‌తో ×10 అని రాశాను. జేబులో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్తున్నాను.