చదివింపుల కోసం ఆగిన పాట

బెంగుళూరు,
ఆదివారం.

అమ్మా,

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నాయనమ్మ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ రోజూ సాయంత్రం వాన. హాస్టల్ సాంబారులో ఇప్పటికీ బెల్లం వేస్తున్నారు. అలవాటైపోయిందిలే, దిగులు పడకు. రసాల మామిడిపళ్ళు మాత్రం బస్సులో పంపకు, దారిలోనే మెత్తబడిపోతున్నాయి.

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. మా ఆఫీసు వార్షికోత్సవంలో తన బ్యాండు కచేరీ బాగా జరిగిందని నాన్న చెప్పి ఉంటారు. అంత బాగా జరగలేదు.

నాన్న తాళాలు కొడుతూ మొదలుపెట్టి, ట్రంపెట్ నేర్చి, మన వైపు పెళ్ళి బ్యాండులో మొదటిసారి బేస్ గిటార్ పెట్టిన మనిషి. ముసునూరు నుంచి జి. కొండూరు దాకా ఆ బేస్‌కి అడుగు కదపని పెళ్ళివారు లేరు. డీజే బాక్సులు వచ్చాక ఆయన మనుషులే నూజివీడు మార్కెట్లో మామిడికాయలు లోడింగు చేస్తున్నారు. ఇక్కడ నచ్చితే పట్నం పిలుపులు వస్తాయని అందరూ కూలి మానుకుని వచ్చారు. పిలిపించింది నేనే.

మొదటి పాట మంచి ఊపులో ఉండగా నాన్న చెయ్యెత్తి ఆపేశారు. మన ఊళ్ళో అయితే ఎవరో ఒకరు నోటు పట్టుకుని లేస్తారు, నాన్న మైకులో వాళ్ళ పేరు చదివి పాట మళ్ళీ అందుకుంటారు. ఇక్కడ ఎవరికీ ఆ సంగతి తెలియదు. నాన్న ట్రంపెట్ పట్టుకుని నవ్వుమొహంతో అలాగే నిలబడ్డారు.

మా మేనేజరు మన గుంటూరాయనే. "అంకుల్, పాట మర్చిపోయారా? కరెంటు ఉందండీ, కానివ్వండి!" అన్నాడు. హాలంతా నవ్వింది.

నాన్న ఎందుకు ఆగారో తెలిసింది నాకొక్కదానికే. మూడో వరసలో ఉన్నాను. పర్సు ఒళ్ళోనే ఉంది. లేవలేకపోయాను అమ్మా. కాన్వెంటులో సిస్టర్ నా పేరు పిలిచినా ఇలాగే బల్లకి అతుక్కుపోయేదాన్ని. కానీ అది వేరు.

నాన్న నావైపు చూడలేదు. తన జేబులోంచే ఒక నోటు తీశారు. "మా అమ్మాయి వనజ గారు మెచ్చి చదివించినది వంద రూపాయలు!" అని మైకులో చెప్పి పాట అందుకున్నారు. అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. తలెత్తలేకపోయాను.

బస్సు దగ్గర డ్రమ్ము కొట్టే ఏడుకొండలు మామయ్య, "ఏంటమ్మా వనజా, మీ ఆఫీసోళ్ళ చొక్కాలకి జేబులు కుట్టరా?" అని నవ్వించబోయాడు. నాకు ఏడుపొచ్చింది. "నేను లేవకపోయినా నా పేరెందుకు చదివావు నాన్నా?" అని అడిగాను.

"పాట సగంలో ఉంది గదమ్మా," అన్నారు. అంతే.

ఇక్కణ్ణుంచి ఇంతవరకు ఒక్కరూ ఆయన నంబరు అడగలేదు. రోజూ ఫోన్ చేసి "ఎవరైనా అడిగారా అమ్మా?" అంటున్నారు. "కనుక్కుంటున్నాను" అంటున్నాను. ఇంకా ఎన్నాళ్ళు అలా అనను? ఎవరూ అడగలేదని నువ్వే మెల్లగా చెప్పు.

వద్దమ్మా. నువ్వు చెప్పకు. రేపు ఫోన్ చేసినప్పుడు నేనే చెబుతాను.

నాయనమ్మకి, ఏడుకొండలు మామయ్యకి నా నమస్కారాలు. నన్ను దీవించమని నాన్నని అడగడానికి మొహం చెల్లడం లేదు. నువ్వు దీవించు.

నీ కూతురు
వనజ