లేని చేతి సంతకం

చిరంజీవి తమ్ముడికి,

మీ బావ చేతిని ప్రెస్సు మిషను ఒక్కసారే నలిపింది. రెండోసారి నలిపింది నువ్వు, నువ్వు తయారుచేసిన ఆ సంతకాల ట్యాబ్. ముందు ఈ మాట చదువు.

ఇక అక్క ఆశీస్సులు. అందరం క్షేమమని రాయాలి కాబట్టి, పాపా నేనూ వేళకు తింటున్నామని రాస్తున్నాను. "బావ గాయం మానిందా" అని అడిగావు. కుట్లు మానాయి. కంచం ముందు కూర్చోగానే కుడి భుజం ముందుకొస్తుంది, అంతలో గుర్తొచ్చి ఆగిపోతుంది. "ఫోను ఎందుకెత్తవు" అనీ అడిగావు. మీ ఫోన్ల, ట్యాబ్‌ల అద్దాల మీద నాకు నమ్మకం చచ్చింది. అందుకే కాగితం.

ఆ రోజు జరిగింది నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. చెయ్యి పోకుండా మిషనుకు అడ్డంగా ఉండే జాలీ ఊడిపోయిందని మీ బావ ముందురోజే ఫోర్‌మన్‌తో చెప్పాడు. "రేపు చూద్దాంలే, పని కానీ" అన్నాడు ఆ పెద్దమనిషి. పొద్దున పదిన్నరకు ప్రెస్సు పడింది. ప్యాకింగ్ బల్ల దగ్గరున్న నేను పరుగెత్తేసరికి నెత్తురు రేకుల మీదుగా జారి నా చెప్పులను తడిపింది. ఎముక విరిగిన చప్పుడు మిషను మోతలో కూడా వినిపించింది.

మూడు వారాలకు మేనేజరు పిలిచి ట్యాబ్‌లో ఒక కాగితం చూపించాడు. "జాలీ నేనే తీశాను, తప్పు నాదే" అని ఉంది. కింద మీ బావ సంతకం. చెయ్యి పోయిన రోజు తేదీయే, సాయంత్రం నాలుగు గంటలు.

"నాలుగింటికి ఆయన ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. చెయ్యి ట్రేలో ఉంది" అన్నాను.

"రాత ఆయనదేగా అమ్మా? నూటికి తొంభైతొమ్మిది పాళ్లు సరిపోయిందని కంప్యూటరే చెబుతోంది."

ట్యాబ్ లాక్కుని బల్లకేసి బాదాను. నాలుగో దెబ్బకు గాజు పగిలి నా అరచేతిలో దిగింది. అతను నవ్వాడు. "పగలగొట్టుకోండి. సంతకాలు దాంట్లో ఉండవు, కంపెనీ కంప్యూటర్‌లో ఉంటాయి." మిగిలిన చట్రంతో అతని దవడ మీద ఒకటిచ్చాను. పన్ను ఊడింది. కేసు పెట్టాడు. పెట్టుకోనీ.

సిరాతో పెట్టిన సంతకం ఆ పేజీలోనే పడుంటుంది. నీ ట్యాబ్ మాత్రం గీత ఎటు తిరిగిందో, ఎంత నొక్కామో, ఎక్కడ ఆగామో అంతా మింగి దాచుకుంది. "అంత దాచితేనే దొంగ సంతకం పట్టుకోగలం అక్కా" అన్నావు. బాగుంది, తాళం చేసి దాని చెవి దొంగకే ఇచ్చావు. భద్రత అంటే ఎవరికిరా? చెయ్యి పోయినవాడికా, చెయ్యి తీసినవాడికా?

ఇంతసేపూ నిన్ను తిట్టాను. ఇప్పుడు నా వంతు. అందరి సంతకాల నమూనాలు తీసుకున్న రోజు గేటు దగ్గర ఆ ట్యాబ్ పట్టుకుని వరుసలో అందరి దగ్గరకూ తిరిగింది నేను. యూనియన్ మనిషిని కదా, "మా తమ్ముడు చేసింది, నమ్మండి" అన్నాను. మీ బావ ఒక్కడే నమ్మలేదు. కావాలనే కోడి కెలికినట్టు గీశాడు. "రిజిస్టర్ ఉండగా గాజు మీద నా రాత ఎందుకే?" అన్నాడు. అందరి ముందూ కసిరాను. మణికట్టు పట్టుకుని, నిదానంగా, మూడుసార్లు సరిగ్గా పెట్టించాను. ఆ మూడింటి నుంచే నాలుగోది పుట్టింది. ఆయన ఇప్పటిదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వచ్చే సోమవారం ప్రమాదం మీద విచారణ. ఆ సంతకం నిలబడితే తప్పు ఆయనది, జాలీ లేని మిషను ముందు ఇంకొకడి చెయ్యి. కాబట్టి:

ఆ సంతకం ఎవరి లాగిన్‌తో, ఏ గీతల నుంచి తయారైందో ఆ చిట్టా తీసి పంపు.

సోమవారం నువ్వే వచ్చి అధికారి ముందు చెప్పు. ఉద్యోగం పోతుందని నీళ్లు నమలకు.

విచారణ కాగానే మా మూడువందల పన్నెండు మంది గీతలూ చెరిపించు. చెరిపామని సిరాతో రాయించి ఇవ్వు.

మీ బావకు కుడివైపున కూర్చుని నువ్వు చేసింది ఆయనకు చెప్పు. నేను చేసింది నేను చెబుతాను.

ఇట్లు,
నీ అక్క