సీరియల్ అమ్మాయి కోసం చేసిన ప్రార్థన

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు సుజాత వందనాలు. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారికి షుగరు అదుపులో ఉందా? వాయుగుండం వానలకి మన వైపు చేలన్నీ పడిపోయేయని ఇక్కడ అనుకుంటున్నారు. మీరందరూ చల్లగా ఉండాలని రోజూ ప్రభువుని అడుగుతూనే ఉన్నాను. నా క్షేమం సంగతి మాత్రం చివర్లో రాస్తాను. ముందే మొదలుపెడితే అలవాటు కొద్దీ చెయ్యి "బాగున్నాను" అని రాసేస్తుంది.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావు. మనం ఫోన్లో ఎప్పుడు మాట్లాడుకుంటున్నామో ఒకసారి గుర్తు తెచ్చుకో. సీరియల్లో ప్రకటనలొచ్చినప్పుడు. సబ్బు, టీ పొడి, బంగారు నగలు అయ్యేలోగా నా వారం రోజుల సంగతులు చెప్పాలి. అవి అవ్వగానే "ఉంటానే, మొదలైపోయింది" అంటావు. పైగా స్పీకరు పెడతావు, పక్కింటివాళ్ళు కూడా నా గొంతు వింటారు. అందులో చెప్పుకునే మాటలు కావివి. అందుకే మా స్కూల్లో పనిచేసే రాజోలు గ్రేసమ్మగారు సెలవు మీద వస్తుంటే ఆవిడ చేతికిస్తున్నాను.

ఇక్కడ ఎండలు తగ్గేయి. సాయంత్రం గాలి బాగుంటుంది గానీ మా గది కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనపడదు. నాతో ఉండే కేరళ టీచరు షీబా మంచిదే. కూరలన్నీ కొబ్బరినూనెతో చేస్తుంది. కొబ్బరిచెట్ల కింద పుట్టి కొబ్బరినూనె కూర మింగలేకపోతున్నానంటే నాకే నవ్వొస్తుంది. అరటిపళ్ళకి ఒక్కోదానికీ స్టిక్కరంటించి అమ్ముతారు. రావులపాలెంలో గెలలు లారీలకెక్కించడం చూసినదాన్ని, ఆ స్టిక్కరు గోకి తింటూ ఉంటాను.

స్కూలు సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నేను పాఠాలు చెప్పే అమలాపురం కాలేజీలో ఆర్ట్సు గ్రూపులు ఎత్తేశాక, ఎంఏ ఎకనామిక్సుకి ఇక్కడ విలువుందని వచ్చేను కదా. ఇక్కడ క్లాసు గోడకి కెమెరా ఉంటుంది. ఆఫీసులో కూర్చుని నా పాఠం చూస్తారు. నా ఇంగ్లీషులో మన యాస వినపడుతోందని ఒక పిల్ల తండ్రి ఫిర్యాదు చేసేడు. అప్పట్నించీ స్కూల్లో లిఫ్టు తలుపు తెరుచుకోగానే గుండె దడ మొదలవుతుంది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, గుండెకేమీ లేదమ్మా, ఇదంతా ఆందోళన, సాయంత్రం ఇష్టమైనదేదైనా చూస్తూ కాస్సేపు అన్నీ మర్చిపొమ్మన్నారు.

అలా మొదలైంది నాకు సీరియల్. ఒకప్పుడు నిన్నెంత వెక్కిరించేదాన్నో నీకు తెలుసు. ఒకే చెంపదెబ్బని మూడుసార్లు చూపిస్తారు, మీరు మూడుసార్లూ ఏడుస్తారు అనేదాన్ని. ఇప్పుడు నాకు ఊరటనిస్తున్నది ఆ మూడుసార్లే అక్కా. రేపేం జరుగుతుందో ముందే తెలిసిపోయే లోకం అదొక్కటే. అత్త తలుపు చాటునించి వింటుందని తెలుసు, వింటుంది. కోడలు హైమ నోరు విప్పదని తెలుసు, విప్పదు. స్కూల్లో రేపు నన్నెవరు పిలిచి ఏమంటారో నాకు తెలీదు. ఎంఏ చదివి ఆ చెంపదెబ్బ కోసం సాయంత్రం దాకా ఎదురుచూస్తున్నానేంటని సిగ్గు కూడా వేస్తుంది. ఇది మందో మత్తో తేల్చుకోలేకపోతున్నాను. కానీ అది వచ్చేంతసేపూ దడ ఉండదు. అక్కడ అదే గంటకి నువ్వూ అమ్మా అదే చూస్తున్నారని తెలిసినప్పుడు మీ మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది.

పోయిన వారం నువ్వు నవ్వుతూ చెప్పిన సంగతే ఈ ఉత్తరం రాయించింది. శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరమ్మగారు ప్రార్థన అంశాలు చెప్పమంటే, నీ వంతు వచ్చేసరికి, మా పిల్లొకత్తి ఉందండీ, కడుపుతో ఉన్నదాన్ని నింద వేసి వానలో బయటికి గెంటేశారండీ అన్నావట. అమ్మగారు కన్నీళ్ళతో ప్రార్థన చేసేరట. ఆడవాళ్ళందరూ ఆమెన్ అన్నారట. అయ్యాక, ఎవరమ్మాయమ్మా, మన మామిడికుదురేనా అని ఆవిడడిగితే అప్పుడు నాలిక్కరుచుకుని, సీరియల్లో హైమండీ అన్నావట. రాత్రి చూసింది బుర్రలో తిరుగుతుంటే నోటికదే వచ్చేసిందన్నావు.

నేనూ నవ్వేను. చాలాసేపు నవ్వేను. ఆ నవ్వులోనే, మరి నా గురించి ఏం చెప్పేవే అక్కా అనడిగేను. నువ్వు ఏమాత్రం ఆలోచించలేదు.

"నీకేటే, బాగానే ఉన్నావు కదా. బాగున్నోళ్ళ గురించి దేవుణ్ణి ఏటడుగుతాం?"

ప్రకటనలైపోయేయి. నువ్వు ఫోను పెట్టేసేవు. ఆ రోజు మిగతా సీరియల్ చూడలేకపోయేను.

తప్పంతా నీదని అనలేను. ప్రతివారం బాగున్నాను బాగున్నాను అన్నది నేనే. కానీ అక్కా, హైమ కూడా అత్తగారితో ఆ మాటే అంటుంది. ఆ పిల్ల అబద్ధమాడుతోందని నీకు ఇట్టే తెలిసిపోతుంది. నా గొంతులో మాత్రం తెలీలేదా? లేక తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుందని ఊరుకున్నావా? ఇలా అనుకోవడం పాపమేమో. అయినా అనుకుంటున్నాను.

ఇంకొకటి. మేడ మీద వెయ్యబోయే గది ఎప్పటికీ నీదేనన్నావు నేను ఇక్కడికి వచ్చేటప్పుడు. దాని గోడలు నా జీతంతో లేచేయని నేను అనను, ఇప్పుడు అన్నట్టే అయింది కాబోలు. గోడ వెడల్పుగా ఉందని నేను కొన్న టీవీ అక్కడే బిగించేరు, మంచిదే. మొన్న వీడియోలో చూస్తే మంచం లేదు, సోఫా ఉంది. అడిగితే, వరండాలో వేశాంలే, ఎప్పటికొస్తావో ఏటో అన్నావు. నువ్వటు తిరిగినప్పుడు వరండా కూడా కనపడింది. నా మంచం మీద కొబ్బరికాయలు రాశి పోసి ఉన్నాయి.

మా ప్రిన్సిపాలుగారు ఇంకో రెండేళ్ళు ఉంటావో లేదో క్రిస్మసు సెలవుల్లోగా చెప్పమన్నారు. ఈ సంగతి నీకు ప్రకటనల్లో చెప్పేను కూడా. "ఉండొచ్చు కదే, అక్కడేం కష్టం" అన్నావు. రమ్మని ఒక్కరూ అనలేదు. అమ్మ కూడా అనలేదు. అననివ్వలేదేమో, అదీ తెలీదు.

కాబట్టి నువ్వు రెండు పనులు చెయ్యి. వచ్చే కూడికలో అమ్మగారు అంశాలు అడిగినప్పుడు నా పేరు చెప్పు. మా చెల్లికి బాగోలేదండీ అను. ఏమైందమ్మా అంటే, మాకు తెలీదండీ అను. అది అబద్ధం కాదు. రెండోది, ఆ కొబ్బరికాయలు దింపించి మంచం గదిలో వేయించి ఒక ఫోటో పంపు. టీవీ తియ్యక్కర్లేదు, సోఫా కూడా ఉండనీ. మంచం మీద నేను పడుకుంటే, మీరు సోఫాలో కూర్చుంటే, అందరం కలిసి చూడొచ్చు. ఫోటో వస్తే ఉండనని చెప్పేస్తాను. రాకపోతే ఉంటానని చెప్తాను. అప్పుడు కూడా ఫోన్లో నిన్నేమీ అడగను. హైమ గురించే మాట్లాడుకుందాం.

రొయ్యపొట్టు పంపుతానన్నావు, ఇప్పుడే పంపకు. వచ్చేదాన్నయితే అక్కడే తింటాను.

బావగారికీ, పాస్టరుగారికీ, అమ్మగారికీ నా వందనాలు చెప్పు. అమ్మని నా తల మీద చెయ్యేసినట్టే తలుచుకుని ఒక్కసారి దీవించమను. పిల్లలకి ముద్దులు.

నా క్షేమం చివర్లో రాస్తానన్నాను కదా. నేను బాగాలేనక్కా.

నీ చెల్లెలు,
సుజాత