చాయ్ నాది, శాలువా మీది

శంషాబాద్,
బుధవారం.

బావగారికి వీరేందర్ నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తరు. ఎత్తినా హలో అనకముందే కోపానికొస్తరు. అందుకే పాలాయనతోని ఈ ఉత్తరం పంపుతున్న.

మన పుస్తకాల సంఘం సభ ఆదివారం పొద్దుగాల బడిల పెట్టినం. ఈసారి సన్మానం తొండుపల్లి పెద్దమనిషికి. పేరు మైకులనే చెప్పాలని కమిటీ తీర్మానం. ఒక్కటే మార్పు, ఈ ఏడు శాలువా లేదు. జనవరి వచ్చినా చలి లేదు, మంచు లేదు. పొద్దెక్కితే చాలు, సుర్రుమంటున్నది. పోయినసారి కొత్వాల్‌గూడ సభల ఐలయ్య మామకు శాలువా కప్పితే చెమటలు పట్టి కుర్చీల నుంచి జారిండు. "నాకు సన్మానం చేస్తున్నరా, నన్ను ఉడకబెడుతున్నరా?" అన్నడు. అందుకే శాలువాకు బదులు కొబ్బరిబోండం ఇస్తున్నం.

మీ బామ్మర్ది,
వీరేందర్ (కార్యదర్శి)

తా.క. బోండంల స్ట్రా కూడా పెడతం.


తొండుపల్లి,
గురువారం.

చిరంజీవి వీరేందర్‌కు బావ ఆశీస్సులు, కోపంతో.

కొబ్బరిబోండం దవాఖానలో రోగికి ఇస్తారు. సన్మానంలో శాలువా కప్పుతారు. ఈ తేడా తెలియని నువ్వు పుస్తకాల సంఘానికి కార్యదర్శివి.

చలి లేదని ఎవరన్నారు? తొండుపల్లిలో వణికిపోతున్నాం. మేఘాల పైనుంచి వచ్చే విమానాలన్నీ అక్కడి చలిని రెక్కలకు అంటించుకొచ్చి మా ఇళ్ళ మీద దులిపిపోతున్నాయి. శంషాబాద్ బజారులో ఉండే నీకు అది అందదు.

తొండుపల్లి పెద్దమనిషి ఎవరని నేను అడగను. ఊళ్ళో చదివినవాడు ఒక్కడే. మా పక్కింటి గోపయ్య ఊరి చరిత్ర అంటూ ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అందులో అతని సొంతం అచ్చుతప్పులు మాత్రమే. అయినా బాలాపూర్‌లో అతనికి శాలువా కప్పారు. దాన్ని ఉతక్కుండానే రోజూ దండెం మీద ఆరేస్తాడు, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా.

ఇట్లు,
ఈశ్వరయ్య

తా.క. మీ అక్క ఫ్యాను వేసింది. అది దోమలకు.


శంషాబాద్,
శుక్రవారం.

బావగారికి నమస్కారాలు, వినయంతోని.

పొడి వాతావరణం, ఎండ మామూలు కన్న ఎక్కువ అని టీవీల రోజూ చెప్తున్నరు. అయినా అక్కకు ఫోన్ చేసి అడిగిన. "మీ బావనా? బనీను గూడ ఇడిసి, ఇసనకర్ర పట్టుకొని అరుగు మీద కూసున్నడు. మజ్జిగ కలపమని నా పానం తీస్తున్నడు" అన్నది. వణుకుడంటే గిదేనా బావా?

మీ వీరేందర్

తా.క. శాలువా కోసం మీరెందుకు గింత పట్టుబడుతున్నరో కమిటీల ఎవరికీ సమజైతలేదు. జర పరేషాన్‌ల ఉన్నరు.


తొండుపల్లి,
శుక్రవారం సాయంత్రం.

వీరేందర్‌కు,

ఆశీస్సులు ఈసారికి ఆపుతున్నాను. మీ అక్క సాక్ష్యం చెల్లదు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె మీ వైపే. విసనకర్ర పట్టుకున్నది చేతి వణుకు కనబడకుండా.

శాలువా నాకోసం అడుగుతున్నానా? గౌరవం అనే మాటకు ఒక ఆకారం ఉండాలి, అది తాగేసి పారేసేది కాకూడదు. శాలువా లేకపోతే నేను సంఘానికి రాజీనామా చేస్తాను. మన బీరువాలో పుస్తకాలను నేనూ చెదలూ తప్ప ఎవరూ ముట్టుకోవడం లేదు. నేను పోతే చదివేవాళ్ళలో అవే మిగులుతాయి. అప్పుడు వాటికి కప్పండి.

ఈశ్వరయ్య

తా.క. మెరూన్ రంగు మంచిది. ఎవరికైనా నప్పుతుంది.


శంషాబాద్,
శనివారం.

బావగారికి నమస్కారాలు.

మీరు గెలిచిన్రు. కమిటీ ఒప్పుకున్నది. కుర్చీలు బడివి, మైకు ఐలయ్య మామది, చాయ్ నాది. రంగుతో సహా మీరే అనుకున్నరు గనక శాలువా మీది.

వీరేందర్

తా.క. జర ముందుగాల రాండ్రి.


తొండుపల్లి,
శనివారం మధ్యాహ్నం.

చిరంజీవి వీరేందర్‌కు నిండు ఆశీస్సులు.

శాలువా నాదని నువ్వు రాసిన ముక్క మీ అక్కకు చదివి వినిపించాను. రెండుసార్లు. చలి సంగతి మీద ఎవరికీ అనుమానం మిగలకుండా మా నాయన గొంగడి కప్పుకుని వస్తున్నాను.

మీ బావ,
ఈశ్వరయ్య

తా.క. గోపయ్యను ముందు వరుసలో కూర్చోబెట్టు. అతనికి బాగా కనబడాలి.


శంషాబాద్,
ఆదివారం సాయంత్రం.

బావగారికి నమస్కారాలు, భయంతోని.

చాయ్ తాగకుండనే పోయిన్రు. నా తప్పేందో ఇంటికొచ్చినంక అక్క ఫోన్ చేసి తిడితే సమజైంది. చాయ్ నాది అంటే చాయ్ నేను తెస్తనని. శాలువా మీది అంటే శాలువా మీరు తెస్తరని. మైకుల గోపయ్య మామ పేరు చదివినప్పుడు మీరు కూడా లేచి నిలబడితే, కప్పనీకే లేచిన్రనుకున్న.

"శాలువా ఏది బావా?" అంటే "నన్నడుగుతవేంది?" అన్నరు. ఇగ అందరి కండ్లు మీ గొంగడి మీద పడ్డయి. ఐలయ్య మామ చప్పట్లు మొదలుపెట్టిండు. మీరు ఇటు చూసిన్రు, అటు చూసిన్రు, గొంగడి తీసి కప్పిన్రు.

మీరు పోయినంక గోపయ్య మామ మాట్లాడిండు. "నా పుస్తకంల ప్రతి తప్పు ఎర్ర పెన్నుతోని దిద్ది నాకు పంపింది ఈయన ఒక్కడే. మిగిలినోళ్ళంత బాగున్నది అన్నరు, తెరిచినోడు లేడు. గసుంటాయన ఇయ్యాల నాయన గొంగడి తీసి నాకు కప్పిండు" అన్నడు. చెమట కారుతున్నది, కండ్లు కూడా. తియ్యమంటే తియ్యడు. ఆయనే మీ పేరు చెప్పిండు. వచ్చే సభల సన్మానం మీకే. శాలువా గోపయ్య మామది. ఈసారి ఇడమరిచి రాస్తున్న: ఆయన తెస్తడు, మీకు కప్పుతడు.

మీ వీరేందర్

తా.క. ఆయన తెచ్చేది మీ గొంగడే. సభ మే నెలల. వద్దంటే బోండం ఇస్తం.


తొండుపల్లి,
సోమవారం.

చిరంజీవి వీరేందర్‌కు,

గోపయ్య పొద్దున్నే గొంగడిని దండెం మీద ఆరేశాడు. మా కిటికీకి ఎదురుగానే. మా నాయనది కాబట్టి చూడక తప్పింది కాదు. ఆ తర్వాత అతనే వచ్చి, పుస్తకం మళ్ళీ అచ్చు వేయిస్తున్నానని, దిద్దిపెట్టమని కాగితాలు ఇచ్చాడు. మొదటి పేజీలోనే ఊరి పేరు తప్పు. చాలా పని ఉంది. మీ అక్కతో మజ్జిగ ఇద్దరికి కలపమన్నాను.

ఆశీస్సులతో,
ఈశ్వరయ్య

తా.క. మే నెలలో మా ఊళ్ళో చలి మరీ ఎక్కువ. విమానాలు.