అతుకులో లేని పగులు

భద్రాచలం, జూన్ 4

చెల్లె తబస్సుంకు,

మీ ల్యాబ్ రిపోర్టు అందింది. ఫ్యూజన్ రియాక్టర్ గోడకోసం తయారుచేసిన కొత్త ఉక్కు పలక పరీక్షలో పగిలిందట. కారణం: ‘వెల్డర్ ముస్తకీమ్ అజాగ్రత్త.’ కింద నీ సంతకం.

పాల్వంచ కరెంటు ప్లాంటు బాయిలర్లకు ఇరవై రెండేళ్లు అతుకులు వేశాను. ఒక్కటీ కారలేదు. ఆ పలక అతకడానికి ల్యాబ్‌కు నన్ను పిలిపించింది నువ్వే. నిన్న కాంట్రాక్టర్ అనిల్‌కుమార్ నా షాపుకొచ్చి, “నీ చెల్లెలే రాసిందంట గదా, ఇగ నీకు పనెట్ల ఇయ్యాలె?” అన్నాడు. పదిమంది విన్నారు.

ఆ పగులు నీ కళ్లతో చూశావా? అదొక్కటి చెప్పు.

నీ అన్న
ముస్తకీమ్

ల్యాబ్ క్వార్టర్స్, జూన్ 12

ప్రియమైన భాయీజాన్,

చూడలేదు. మా హెడ్ బలరాం సార్ ఫొటో చూపించి సంతకం పెట్టమన్నారు. మాలిబ్డినం ఉన్న ఉక్కు న్యూట్రాన్ల దెబ్బకు వేల ఏళ్లు రేడియేషన్ విడుస్తుంది. వందేళ్లలోనే అది తగ్గిపోవాలని, దాని బదులు టంగ్‌స్టన్ కలిపి ఆయన ఈ ఉక్కు తయారుచేశారు. ఆరేళ్ల పని. దాన్ని అనుమానించే ధైర్యం నాకు లేకపోయింది.

కానీ నువ్వూ నిజం చెప్పు. అతుకు వేశాక, అది పెళుసెక్కకుండా పలకను కొలిమిలో రెండు గంటలు ఉంచావా? నీ తొందర నాకు తెలుసు.

నీ తబస్సుం

భద్రాచలం, జూన్ 19

తబస్సుం,

చూడకుండా సంతకం పెట్టి, నన్ను నిలదీస్తున్నావా? రెండున్నర గంటలు ఉంచాను. పక్కన నిలబడి టైం రాసుకున్నది మీ టెక్నీషియన్ రామ్‌చందరే. అడుగు.

అమ్మీ, “పోనియ్ బేటా, చిన్నపిల్ల” అంటోంది. ముప్పై నాలుగేళ్ల చిన్నపిల్ల! పోనివ్వను. ఆ పలక కోసి చూడు.

ముస్తకీమ్

ల్యాబ్ క్వార్టర్స్, జూలై 28

ప్రియమైన భాయీజాన్,

కోసి చూశాను. పగులు మొదలైంది నీ అతుకుకు రెండు వేళ్ల దూరంలో, పలకలోనే. ఉక్కులో గంధకం ఎక్కువై పెళుసెక్కింది. నీ అతుకు చెక్కుచెదరలేదు.

బలరాం సార్ కొత్త రిపోర్టులో ‘పలక లోపం’ అని రాసి, నీ పేరు కొట్టేశారు. “ముస్తకీమ్ తప్పు లేదని కూడా రాయండి సార్” అన్నాను. “పేరు తీసేశాం గదా, ఇంకేంటమ్మా?” అన్నారు. తప్పు మోపడానికి పేరు కావాలి, తప్పు లేదనడానికి అక్కర్లేదా? ఒళ్లు మండిపోయింది. సంతకం పెట్టనన్నాను. నన్ను ఆ పనిలోంచి తీసి స్టోర్‌లో కూర్చోబెట్టారు. డైరెక్టర్‌కు రాశాను. మూడు వారాలకు ఆ వాక్యం పడింది. కాపీ జతచేశాను. ఇంకొకటి అనిల్‌కుమార్‌కు పంపాను.

కొత్త పలక పోస్తున్నారు. నిన్నే పిలుస్తారట. రావడం నీ ఇష్టం. వస్తే మాత్రం, ముందు వాళ్ల పలక పరీక్షించి ఆ రిపోర్టు నీ చేతిలో పెట్టమను. అది చదివాకే వెల్డింగ్ టార్చ్ పట్టుకో.

నీ చెల్లెలు,
తబస్సుం