నాన్న రెండేళ్ల చదువు

డెలానీ తల్లీ,

బొగ్గుగని మూసేశాక నేను నర్సింగ్ చదువుతానంటే ఫోన్లో నువ్వు తెగ మురిసిపోయావు. కానీ "నాలాగే నాలుగేళ్ల డిగ్రీ చదువు నాన్నా, ఇక్కడ లెక్సింగ్‌టన్‌లో పెద్దాసుపత్రులు ఆ డిగ్రీ ఉన్న నర్సులనే అడుగుతున్నాయి" అన్నావు. అప్పట్నుంచీ ఏదీ తేల్చుకోలేకపోయాను.

నిన్న మీ అమ్మతో కలిసి మన ఊరి కాలేజీకి వెళ్లాను. అక్కడ కోర్సుల సంగతి చెప్పే మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, "మీకు ఎక్కడ పనిచేయాలని ఉంది?" అని అడిగింది.

"మన కొండ మీది క్లినిక్‌లోనండి. నాతో గనిలోకి దిగినవాళ్లంతా బొగ్గుదుమ్ముకి ఊపిరాడక అక్కడికే వస్తున్నారు" అన్నాను.

"అయితే రెండేళ్ల కోర్సు చాలు. అదయ్యాక నర్సు లైసెన్సు పరీక్ష రాయొచ్చు. డిగ్రీకి మిగిలింది ఉద్యోగం చేస్తూ చదువుకోవచ్చు" అంది.

మీ అమ్మ ఊరుకుంటుందా? "ఈయనకి జ్వరం చూడటమే రాదండీ, సూదులేస్తారట!" అంది. అందరం నవ్వాం. బయటికొచ్చాక మాత్రం తను నా చెయ్యి వదల్లేదు.

చేరిపోయాను తల్లీ. గనిలో ఇన్నేళ్లూ భయపడనివాణ్ణి, క్లాసులో నీ ఈడు పిల్లల పక్కన కూర్చోవాలంటే భయమేస్తోంది. నీకూ ఇంకా రెండేళ్లేగా మిగిలింది! ఇద్దరం ఒకేసారి లైసెన్సు పరీక్ష రాస్తాం. సెలవులకి వచ్చినప్పుడు నాకు పాఠాలు చెప్పు. కాస్త మెల్లగా చెప్పాలి, సరేనా?

మీ నాన్న